టైంటేబుల్ మారకుండా ట్యాబ్ ఏం చేస్తుంది?

ప్రభుత్వ బడికి టీవీ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, ట్యాబ్ వచ్చింది, ఇప్పుడు ఏఐ వస్తోంది. వచ్చిన ప్రతిసారీ చదువుల తీరే మారిపోతుందన్నారు. కొన్నిచోట్ల నిజంగానే మారింది. చాలాచోట్ల మారలేదు. ఈ తేడాకు కారణం యంత్రంలో ఉందా, మనం దాన్ని వాడే తీరులో ఉందా?

నాలుగో తరగతి పిల్లలకు 52లోంచి 29 తీసేయమని లెక్క ఇచ్చామనుకుందాం. సరైన జవాబు 23. ఒక పాప 37 అని రాసింది. పక్కనున్న బాబు 33 వేశాడు. మూడో పిల్లవాడు 81 అన్నాడు. ముగ్గురి పలకల మీదా ఇంటూ మార్కే పడుతుంది, ముగ్గురికీ సున్నాయే వస్తుంది. కానీ ఆ మూడు తప్పులూ ఒకటి కావు. 37 వేసిన పాప ఒకట్ల స్థానంలో 2లోంచి 9 పోదని 9లోంచే 2 తీసేసింది. ఏ అంకె పైనుందో ఏది కిందుందో ఆమెకు పట్టలేదు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయడమే తీసివేత అనుకుంటోంది. 33 వేసిన బాబుకు అప్పు తెచ్చుకోవడం వచ్చు, తెచ్చిన పదిని పదుల స్థానంలో తగ్గించడం మరిచిపోయాడు. 81 వేసినవాడు గుర్తు చూడకుండా కూడేశాడు. మొదటి పాపకు స్థాన విలువ మళ్లీ మొదటి నుంచి, పుల్లల కట్టలు ముందుపెట్టి చెప్పాలి. రెండో బాబుకు రెండు నిమిషాల సవరణ చాలు. మూడోవాడిని నిదానంగా చూసి చేయమంటే సరిపోతుంది.

ఇదే లెక్కను 52లోంచి 27 అని ఇచ్చి ఉంటే, మొదటి పాపకూ రెండో బాబుకూ కూడా 35 వచ్చేది. ఇద్దరి తప్పుల మధ్య తేడా బయటపడేదే కాదు. అంకె ఒక్కటి మారితే ప్రశ్నకు చూపు వచ్చింది. మంచి బోధన అంటే ఇలాంటి ప్రశ్న వేయడం, వచ్చిన తప్పును చదవడం, ఆ పిల్లకు ఆ పూట కావలసింది అందించడం. అనుభవమున్న టీచరు ఒక పాపతో కూర్చుంటే ఈ పని చక్కగా చేస్తారు. నలభై మందితో రోజూ ఆరు పీరియడ్లు చేయడం ఎవరి వల్లా కాదు. సరిగ్గా అక్కడే సాంకేతికతకు పని ఉంది. తప్పును చదివే పనిలో అది టీచరుకు తోడుగా నిలిచిన చోట ఫలితం వచ్చింది, పాఠాన్ని మోసుకొచ్చి తెరమీద దించి వెళ్లిపోయిన చోట రాలేదు. గత పాతికేళ్ల పరిశోధనల సారం ఇదే.

తరగతి ఒకటే, స్థాయిలు ఐదారు

మన బడి ఒక ఊహ మీద నడుస్తోంది. ఏడో తరగతి గదిలో ఉన్న పిల్లలందరికీ ఆరో తరగతి పాఠాలు వచ్చేసి ఉంటాయన్నదే ఆ ఊహ. అది ఎంత దూరపు మాటో గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాయి. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదువుతున్నవారిలో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 44.8 శాతమే. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ 2015లో చేసిన అధ్యయనం మరింత లోతుకు వెళ్లింది. ఆరో తరగతి విద్యార్థి లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నాడు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులకు పెరిగింది. ఒకే గదిలో కూర్చున్న పిల్లల మధ్య ఐదారు తరగతుల అంతరం కనిపించింది. ఇంకా బాధ కలిగించే సంగతి మరొకటుంది. మామూలు బడికే వెళ్లిన పిల్లల్లో, మొదట్లో అందరికంటే కింద ఉన్న మూడో వంతు మంది అధ్యయనం సాగిన కాలమంతా బడికి వెళ్లి కూడా కొలతకు అందేంత ప్రగతి సాధించలేదు. బడికి వెళ్లారు, హాజరు పడింది, పాఠం మాత్రం వాళ్ల తలల మీదుగా పోయింది.

తప్పు టీచరుదని తేల్చి చేతులు దులుపుకోవడం సులువు. కానీ వ్యవస్థ టీచరును అడుగుతున్నది సిలబస్ ఎంతవరకు వచ్చిందని. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను చెబుతుంది. అందులో ఒక క్లాజు నిర్ణీత సమయంలో పాఠ్యాంశమంతా పూర్తిచేయాలంటుంది. ఆ వెంటనే ఉన్న మరో క్లాజు ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన అందించాలంటుంది. చట్టం రెండింటినీ సమానంగానే చెప్పింది. తనిఖీకి వచ్చే అధికారి మొదటిదాన్నే అడుగుతాడు, రిజిస్టరులో మొదటిదానికే గడి ఉంటుంది. రెండో బాధ్యత కాగితం మీద ఉండిపోయింది. టీచరుకు తెలియక కాదు, టైంటేబుల్లో దానికి చోటు లేక.

పెట్టెలు మారాయి, పద్ధతి మారలేదు

సాంకేతికతతో చదువు చెప్పాలన్న తపన మనకు కొత్తది కాదు. 1975 ఆగస్టు 1న మొదలై ఏడాది పాటు సాగిన సైట్ ప్రయోగంలో, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ ప్రసారాలుండేవి. 2004లో ఇస్రో విద్య కోసమే ఎడ్యుశాట్‌ను పంపింది. ఉమ్మడి రాష్ట్రంలో ‘మన టీవీ’ అనే చానల్ నడిచింది. తెలంగాణలో అది టీ-శాట్‌గా మారి నేటికీ పోటీ పరీక్షల అభ్యర్థులకు ఆసరా అవుతోంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. వీటన్నిటి వెనకా ఉన్న ఆశయం గొప్పది. పట్నంలో దొరికే పాఠం పల్లెకూ దొరకాలన్నదే ఆ ఆశయం. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. కానీ వీటన్నిటిలోనూ పాఠం ఒక వైపు నుంచే ప్రవహించింది. ఏడో తరగతి పాఠం ఏడో తరగతి గదికి మరింత అందంగా చేరింది. మూడో తరగతి దగ్గరే ఆగిపోయిన పిల్లకు అది అప్పుడూ అందలేదు, ఇప్పుడూ అందడం లేదు.

పరికరమే చదువు నేర్పుతుందన్న నమ్మకానికి అతిపెద్ద పరీక్ష పెరూ దేశంలో జరిగింది. పిల్లకో ల్యాప్‌టాప్ పథకం కింద అక్కడి ప్రభుత్వం ఎనిమిది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు కొన్నది. మూడు వందలకు పైగా గ్రామీణ బడుల్లో హూలియన్ క్రిస్టియా బృందం చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. పిల్లల చేతికి యంత్రాలు నిజంగానే చేరాయి, వాడకమూ పెరిగింది. లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు కదల్లేదు. యంత్రం చెడ్డదై కాదు. ఏ పిల్ల దేని దగ్గర ఆగిందో యంత్రానికి తెలియదు, టీచరుకు దాన్ని పాఠంలో ఎలా కలుపుకోవాలో ఎవరూ చెప్పలేదు. తెర వెలిగింది, తరగతి పాతదారినే నడిచింది.

నేర్చుకోవడం ఎలా జరుగుతుంది

యంత్రం ఏం చేయాలో తేల్చుకోవాలంటే ముందు బుర్రలో చదువు ఎలా నిలుస్తుందో తెలియాలి. ఈ విషయంలో వందేళ్ల పరిశోధన మనకు మూడు గట్టి సూత్రాలు ఇచ్చింది. మొదటిది స్థాయి. పిల్ల ఒంటరిగా చేయగలిగినదానికీ, అసలే చేయలేనిదానికీ నడుమ, కాస్త చేయూతనిస్తే చేయగలిగే మేర ఒకటుంటుందని రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ చెప్పాడు. నేర్చుకోవడం ఆ మేరలోనే జరుగుతుంది. అంతకంటే కిందిది చెబితే విసుగు, పైది చెబితే భయం. రెండోది వెంటనే తెలిసే తప్పొప్పులు. ఇవాళ చేసిన లెక్క తప్పని యూనిట్ టెస్టు పేపర్లు దిద్ది ఇచ్చాక తెలిస్తే లాభం లేదు. అప్పటికి ఆ తప్పే అలవాటుగా స్థిరపడిపోతుంది.

మూడోది గుర్తుతెచ్చుకోవడం. మన పిల్లలు పరీక్షకు ముందు పాఠాన్ని పదేపదే చదువుతారు. చదివిన కొద్దీ వచ్చేసిందనిపిస్తుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2006లో ఈ నమ్మకాన్ని పరీక్షించారు. ఒక బృందం పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. మరో బృందం ఒక్కసారి చదివి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతానికి 71 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం గుర్తుంది. పాత బడుల్లో ఎక్కాలు అప్పచెప్పించుకోవడంలో, నిన్నటి పాఠం ఇవాళ అడగడంలో ఈ బలమే ఉంది. వీడియో పాఠం చూస్తూ కూర్చున్న పిల్లకు ఈ మూడింటిలో ఏదీ దక్కదు. స్థాయి తెలియదు, తప్పు తెలియదు, గుర్తుతెచ్చుకునే శ్రమ ఉండదు. అందుకే ఎంత అందమైన వీడియో అయినా చదువులో చిన్న పాత్రే పోషించగలదు.

పనిచేసిన చోట ఏం జరిగింది

ఈ మూడు సూత్రాలనూ పట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఏం చేయగలదో మన దేశంలోనే రుజువైంది. వడోదర మునిసిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, కంప్యూటరుకు ఇద్దరు చొప్పున కూర్చుని లెక్కల ఆటలు ఆడారు. ఎవరి స్థాయిని బట్టి వారికి లెక్క వచ్చేది. ఆ తర్వాత నోబెల్ అందుకున్న అభిజీత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తమ సహచరులతో 2007లో ప్రచురించిన ఫలితాల్లో లాభం 0.47 ప్రామాణిక విచలనంగా తేలింది. సులువుగా చెప్పాలంటే, వంద మందిని మార్కుల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే పిల్ల, ఏకంగా పద్దెనిమిది మందిని దాటి ముందుకు వెళ్లినట్టు. అయితే కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. సాధన ఆగితే చదువూ జారుతుంది. ఒక ఏడాది పైలట్ ప్రాజెక్టుతో సరిపెట్టే ప్రభుత్వాలకు ఇందులో పాఠం ఉంది.

పైన చెప్పిన ఢిల్లీ అధ్యయనం మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద జరిగింది. బడి అయ్యాక కేంద్రానికి వచ్చే పిల్లలు వారానికి ఆరు రోజులు, రోజూ గంటన్నర గడిపేవారు. అందులో 45 నిమిషాలు కంప్యూటరు ముందు, 45 నిమిషాలు పన్నెండు నుంచి పదిహేను మంది బృందంలో ఒక మనిషి దగ్గర. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనం మేర పిల్లలు ముందుకు వెళ్లారు. ఈ అధ్యయనంలోనే మరో విషయం దాగి ఉంది. బాగా వెనకబడిన పిల్లలు పరిశోధకుల పరీక్షలో ఎదిగినట్టు కనిపించారు, వాళ్ల బడి పరీక్షలో మాత్రం ఎదుగుదల కనిపించలేదు. రెండో తరగతి నుంచి నాలుగో తరగతి స్థాయికి ఎదిగిన పిల్లకు ఏడో తరగతి ప్రశ్నపత్రంలో అప్పుడూ సున్నాయే, ఇప్పుడూ సున్నాయే. ఆమె ఎక్కిన రెండు మెట్లు ఆ కాగితానికి కనిపించవు. బడి పరీక్షతోనే అంతా కొలిస్తే, నిజంగా పనిచేస్తున్న పథకాన్ని కూడా పనికిరానిదని మూసేస్తాం.

ఆంధ్రప్రదేశ్‌లోనూ పాల్ పేరుతో ఇలాంటి ప్రయత్నం ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో బడివేళల్లోనే సాగింది. ట్యాబ్ పిల్ల సొంతం కాదు, బడిది. పీరియడ్ నిర్ణయమై ఉంటుంది, టీచరు గదిలో ఉంటారు, పిల్ల జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. మరో నోబెల్ గ్రహీత మైఖేల్ క్రెమర్ బృందం చేసిన మూల్యాంకనంలో దీనికి మంచి ఫలితాలు కనిపించాయి. ఒకే రాష్ట్రంలో రెండు రకాల ట్యాబ్‌లు చూశాం. ఒకటి పిల్ల చేతికిచ్చి ఇంటికి పంపినది, రెండోది బడి గంటలో భాగమైనది. వస్తువు ఒకటే, వాటి చుట్టూ అల్లుకున్న ఏర్పాటు వేరు.

గంట కేటాయిస్తేనే

ఏర్పాటు అంటే ఏమిటో వివరంగా చూడాలి. గుజరాత్‌లో లీ లిండెన్ చేసిన అధ్యయనంలో ఒకే సాఫ్ట్‌వేర్‌ను రెండు రకాలుగా వాడారు. బడి అయ్యాక అదనపు సాధనగా వాడినప్పుడు లెక్కల్లో మేలు జరిగింది. మంచి టీచరు చెప్పే పీరియడ్‌ను తీసేసి దాని స్థానంలో వాడినప్పుడు పిల్లలు నష్టపోయారు. పాకిస్తాన్ పంజాబులో ఎనిమిదో తరగతికి నిపుణుల వీడియో పాఠాలు తయారుచేశారు. వాటిని టీచరు చేతికిచ్చి తన పాఠంలో కలుపుకోమన్నప్పుడు నాలుగు నెలల్లోనే మార్కులు పెరిగాయి. అలాంటి పాఠాలనే ట్యాబ్‌లో పెట్టి నేరుగా పిల్లలకిచ్చినప్పుడు తగ్గాయి. ఇక సమాచారం ఒక్కటే చాలదనడానికి రుజువు మన పల్లెల్లోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005-06లో మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ వంద ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏది రాదో వివరంగా రాసి టీచర్లకిచ్చారు. పరిశీలకులు వచ్చినప్పుడు ఆ టీచర్లు మరింత చురుగ్గా పాఠం చెప్పారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో తేడా లేదు. తప్పు ఎక్కడుందో తెలియడం ఒక ఎత్తు, దాన్ని సరిదిద్దడానికి సమయం, పద్ధతి, ప్రోత్సాహం ఉండటం మరో ఎత్తు. డ్యాష్‌బోర్డుల మీద ఆశలు పెట్టుకున్న అధికారులు ఈ అధ్యయనాన్ని తప్పక చదవాలి.

ఈ చిక్కుముడికి విడుపు హర్యానాలో దొరికింది. స్థాయిని బట్టి బోధించే పద్ధతిని ప్రథమ్ సంస్థ ఎన్నో రాష్ట్రాల్లో ప్రయత్నించింది. ఉత్తరాఖండ్‌లో, బీహార్‌లో ప్రభుత్వ టీచర్లకు శిక్షణ ఇచ్చి, సామగ్రి ఇచ్చి వదిలేస్తే వాటివల్ల ఫలితం రాలేదు. శిక్షణ నచ్చిందన్నారు, తరగతికి వెళ్లాక మళ్లీ సిలబస్సే. హర్యానాలో మూడు మార్పులు చేశారు. రోజులో ఒక గంటను ఈ పనికే టైంటేబుల్లో రాసేశారు. ఆ గంటలో పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదవగలిగిన స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. పర్యవేక్షక అధికారులకే ముందు శిక్షణ ఇచ్చి, వాళ్లనే బడులకు పంపి చేయూతనిచ్చారు. హిందీ చదవడంలో పిల్లలు ముందుకు కదిలారు. అందులో ఒక్క ట్యాబ్ కూడా లేదు. సాంకేతికత గురించి మాట్లాడేవాళ్లంతా మొదట తెలుసుకోవలసిన సాక్ష్యం ఇది. గంట కేటాయించిన చోట కాగితపు కార్డు కూడా పనిచేస్తుంది. కేటాయించని చోట ఖరీదైన తెర కూడా మూలన పడుతుంది.

కరెంటు అక్కర్లేని సాంకేతికత

కాగితపు కార్డు అన్న మాట ఊరికే అనలేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో 1980ల చివరి నుంచి రూపుదిద్దుకున్న పద్ధతి ప్రపంచ దేశాలు వచ్చి చూసి నేర్చుకున్నది. అక్కడి చిన్న బడుల్లో ఒకే గదిలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలుంటారు. గోడమీద అభ్యసన నిచ్చెన ఉంటుంది. తెలుగుకొకటి, లెక్కలకొకటి. ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు. ఒక కార్డు కొత్త సంగతి చెబుతుంది, మరొకటి సాధన చేయిస్తుంది, ఇంకొకటి పరీక్షిస్తుంది, తప్పినవారికి మళ్లీ సాధన చూపే కార్డు వేరే ఉంటుంది. కార్డు మీది బొమ్మను బట్టి అదెక్కడిదో పిల్లే గుర్తుపట్టి తెచ్చుకుంటుంది. టీచరు సాయం పూర్తిగా కావలసినవారు ఒక చాప మీద, తోటిపిల్లల సాయంతో చేసుకోగలిగేవారు మరో చాప మీద, సొంతంగా చేసేవారు ఇంకోచోట. నాలుగు రోజులు పొలం పనికో పండగకో మానేసిన పిల్ల తిరిగొస్తే, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే ఎక్కుతుంది. పాఠం ఆమెను దాటి పోదు. ఇవాళ అడాప్టివ్ లెర్నింగ్ పేరుతో కంపెనీలు అమ్ముతున్నదాని ఆత్మ అంతా ఈ అట్టముక్కల్లో ఉంది. తమిళనాడు దీన్ని చూసే 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, తర్వాత రాష్ట్రమంతటికీ తీసుకెళ్లింది.

ఈ పద్ధతి పుట్టిన నేలమీదే దీని అవసరం ఎక్కువగా ఉంది. కేంద్ర ప్రభుత్వ 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. వాటిలో 33 లక్షలకు పైగా పిల్లలు చదువుతున్నారు. అలాంటి బడుల సంఖ్యలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఒక్క టీచరే ఐదు తరగతులూ చూసుకునే చోట, ఒక బృందానికి పాఠం చెబుతుండగా మిగతా నాలుగు బృందాలకు అర్థవంతమైన పని ఉండాలి. ఆ పని కార్డు ఇవ్వగలదు, బడి ట్యాబ్ ఇంకా బాగా ఇవ్వగలదు. పాప గట్టిగా చదువుతుంటే విని ఏ మాట దగ్గర తడబడుతోందో గుర్తించే సాఫ్ట్‌వేర్లు తెలుగులోనూ వచ్చాయి. టీచర్ల కొరతకు ఇవి బదులు కావు. నియామకాలు జరిగేలోగా పిల్ల ఏడాది వృథా కాకుండా కాపాడే ఆసరా మాత్రం అవుతాయి.

దూరాన ఉన్నవారికి

చదువు అందుబాటు గురించి మాట్లాడితే తెలుగువాళ్లు గర్వించదగిన అధ్యాయం ఒకటుంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. బడి మానేసినవాళ్లు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, పెళ్లయిపోయి చదువు ఆగిన ఆడపిల్లలు డిగ్రీ గడప తొక్కింది దాని పుణ్యమే. అచ్చు పుస్తకం, రేడియో పాఠం చాలవని ఆ రోజుల్లోనే గుర్తించి అధ్యయన కేంద్రాలు పెట్టారు. ఆదివారాలు, సెలవు రోజుల్లో అధ్యాపకుడి ఎదుట కూర్చుని సందేహం తీర్చుకునే వీలు కల్పించారు. ఈ జ్ఞానాన్ని ఇంటర్నెట్ యుగం మరిచిపోయింది. హార్వర్డ్, ఎంఐటీ వంటి సంస్థల కోర్సులు ఉచితంగా నెట్‌లో పెడితే ప్రపంచమంతా చదువుకుంటుందని 2012లో ఆశపడ్డారు. ఆ కోర్సుల్లో 2017-18లో చేరినవారిలో పూర్తిచేసింది 3.13 శాతమే. తలుపు తెరిస్తే చాలదు, లోపల చేయిపట్టి నడిపించే మనిషి ఉండాలి.

ఆ మనిషి స్వరం ఎంత పనిచేస్తుందో కోవిడ్ కాలంలో బోట్స్వానా చూపింది. బడులు మూసిన ఆ రోజుల్లో నాలుగున్నర వేలకు పైగా కుటుంబాలను భాగాలుగా విడదీసి, కొందరికి వారంవారం లెక్కల ఎస్ఎంఎస్ పంపారు. మరికొందరికి ఎస్ఎంఎస్‌తో పాటు ఇరవై నిమిషాల లోపు ఫోన్ చేసి పిల్లతో మాట్లాడించారు. ఎస్ఎంఎస్ ఒక్కటే అందినవారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫోన్ వచ్చిన ఇళ్లలో పిల్లలు నేర్చుకున్నారు. స్మార్ట్‌ఫోన్ లేదు, నెట్ లేదు, మామూలు డబ్బా ఫోనే. మన్యంలో, నల్లమలలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే గూడేలకు ఏ సాంకేతికత నప్పుతుందో ఆలోచించేటప్పుడు ఈ అనుభవం దారి చూపుతుంది. భాష సంగతీ అంతే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోయ, గోండి, సవర, కొలామి సహా ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల బోధన మొదలుపెట్టింది. ఇంటి భాషలో మొదలుకాని చదువు ఏ తెరమీద కనిపించినా పరాయిదే. ఆ భాషల్లో కార్డులూ కథలూ గొంతు పాఠాలూ తయారుచేయడం మార్కెట్ చేసే పని కాదు, ప్రభుత్వమే పూనుకోవాలి.

జవాబు చెప్పే యంత్రం, అడిగే యంత్రం

ఇక ఏఐ. ప్రతి పిల్లకూ సొంత ట్యూషన్ మాస్టారు దొరికినట్టేనని కొందరు, పిల్లలు ఆలోచించడమే మానేస్తారని కొందరు. రెండింటికీ సాక్ష్యం టర్కీలోని ఒక హైస్కూల్లో దొరికింది. దాదాపు వెయ్యి మంది విద్యార్థులతో లెక్కలు చేయించారు. మామూలు చాట్‌జీపీటీ లాంటిదాన్ని ఇచ్చిన బృందం సాధన సమయంలో 48 శాతం మెరుగ్గా చేసింది. ఆ తర్వాత అది లేకుండా పరీక్ష పెడితే, అసలు ఏఐ ముట్టని పిల్లల కంటే 17 శాతం వెనకబడింది. జవాబు అడిగి తెచ్చుకున్నారు, బుర్ర పనిచేయలేదు. మూడో బృందానికిచ్చిన ఏఐ జవాబు చెప్పదు, టీచర్లు రాసిపెట్టిన సూచనలతో ఆధారం మాత్రమే ఇస్తుంది. ఆ బృందానికి నష్టం దాదాపు లేకుండా పోయింది. అంటే ఏఐకి కూడా పాత సూత్రాలే వర్తిస్తాయి. పిల్ల శ్రమను అది తానే పడితే నష్టం, పిల్లే శ్రమపడేలా అడిగితే మేలు. తెలుగు రాష్ట్రాలు బడుల్లోకి ఏఐని తెస్తున్న ఈ సమయంలో కంపెనీలను వేయవలసిన మొదటి ప్రశ్న ఇదే. మీ యంత్రం పిల్లకు జవాబు చెబుతుందా, పిల్ల చేత చెప్పిస్తుందా?

అభ్యంతరాలకు జవాబు

స్థాయిని బట్టి కూర్చోబెడితే వెనకబడిన పిల్లలకు శాశ్వతంగా ముద్ర పడుతుందన్న భయం ఉంది. కులం, పేదరికం బెంచీల దాకా వచ్చే మన సమాజంలో ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు. కానీ ఇప్పటి తరగతి ఆ ముద్రను మౌనంగా ఎప్పుడో వేసేసింది. పాఠం అందని పిల్ల వెనక బెంచీలో ఏళ్ల తరబడి కూర్చుంటే ఎవరూ అడగడం లేదు. కెన్యాలో 121 బడుల్లో చేసిన అధ్యయనంలో, పిల్లలను స్థాయిని బట్టి విడదీసిన చోట పైస్థాయివారూ కిందిస్థాయివారూ ఇద్దరూ లాభపడ్డారని డుఫ్లో, దుపా, క్రెమర్ 2011లో చూపారు. అయినా మన దగ్గర రోజంతా విడదీయడం తగదు. ఒక గంటకే, సబ్జెక్టును బట్టే విడదీయాలి. తెలుగులో కింద ఉన్న పిల్ల లెక్కల్లో పైన ఉండవచ్చు. కొన్ని వారాలకొకసారి బృందాలు మారాలి. మిగతా రోజంతా అందరూ కలిసే చదవాలి.

తెరల వల్ల పిల్లలు చెడిపోతారన్నది రెండో అభ్యంతరం. తల్లిదండ్రుల ఆందోళనలో నిజముంది. అసర్ 2024లో స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14-16 ఏళ్ల వారిలో, ముందు వారం చదువు కోసం వాడినవారు 57 శాతమైతే సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. అదే సర్వేలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36.2 శాతం, అమ్మాయిలు 26.9 శాతం. ఇంట్లో పరికరం ఎవరి చేతికి ముందు వెళ్తుందో ఈ అంకెలే చెబుతున్నాయి. అందుకే పరికరం బడిది కావాలి, బడి వేళల్లోనే వాడాలి, నెట్ లేకపోయినా నడవాలి. వారానికి రెండు మూడు గంటలు చాలు. అప్పుడు ఆడపిల్లకూ సమాన వాటా వస్తుంది, ఇంట్లో తెర ముందు గడిపే సమయమూ పెరగదు.

మూడో అభ్యంతరం టీచర్లది, అన్నిటికంటే న్యాయమైనది. ఇప్పటికే హాజరుకో యాప్, మధ్యాహ్న భోజనానికో యాప్, మరుగుదొడ్ల ఫొటోలకో యాప్. పాఠం చెప్పే సమయాన్ని సాంకేతికతే మింగేస్తోందని వాళ్లు మొత్తుకుంటున్నారు. నిజమే. బోధనకు సాయపడే సాఫ్ట్‌వేర్‌ను తేవాలంటే ముందు బోధనకు అడ్డొస్తున్నవాటిని తీసేయాలి. పై అధికారి చూసుకోవడానికి చేసిన లెక్క వేరు, రేపటి పాఠానికి టీచరుకు పనికొచ్చే లెక్క వేరు. రేపు ఎవరిని దగ్గర కూర్చోబెట్టుకోవాలో ఒక్క వాక్యంలో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను టీచర్లు వద్దనరు. యంత్రం దిద్దిన నోట్సుల వల్ల మిగిలిన సమయం మళ్లీ మరో రిజిస్టరుకు పోకుండా చూడటం ప్రభుత్వం బాధ్యత.

కొనేముందు అడగవలసినవి

ఇదంతా కలిపి చూస్తే ప్రభుత్వాలు చేయవలసింది స్పష్టంగా ఉంది. మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకొక గంటను స్థాయి బోధనకు కేటాయించి, ఆ గంటలో సిలబస్ అడగబోమని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. బడి పరీక్షతో పాటు పిల్ల ఎన్ని మెట్లు ఎక్కిందో చూపే పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెట్టాలి. ఆ మార్కులతో టీచరును బెదిరించకూడదు. పరికరం కొనే టెండరులో తెర సైజు కంటే ముందు ప్రశ్నల నాణ్యతను, మన తెలుగు టీచర్లనే కూర్చోబెట్టి పరీక్షింపజేయాలి. పాఠాలూ ప్రశ్నలూ ప్రజల ఆస్తిగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ట్యాబ్‌లకు పాఠాలిచ్చిన బైజూస్ మాతృసంస్థ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పిల్లల చదువును ఏ కంపెనీ జాతకానికీ ముడిపెట్టకూడదు. 2017లో మొదలైన ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్షా ఓపెన్ సోర్స్ పునాది మీద ఉంది. మన పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్‌లు దానికే దారితీస్తాయి. ఆ పునాది మీద స్థాయిని బట్టి ప్రశ్నలడిగే తెలుగు బ్యాంకును కట్టడం రెండు రాష్ట్రాలూ కలిసి చేయగలిగిన పని.

వీటికి పెద్ద ఖర్చు లేదు. కావలసింది అధికారుల అలవాటు మారడం. బడికి వచ్చిన మండల విద్యాధికారి ఎన్ని పాఠాలయ్యాయని అడగడానికి ముందు, పోయినసారి నేను వచ్చినప్పుడు చదవలేని పిల్లల్లో ఇప్పుడు ఎంతమంది చదువుతున్నారని అడగాలి. చట్టం పదిహేనేళ్లకు పైగా ఈ ప్రశ్న అడిగే హక్కు ఇస్తోంది. తల్లిదండ్రుల కమిటీలు కూడా అదే అడగాలి. ఆ ప్రశ్న బడిలో రోజూ వినిపించిన నాడు దానికి జవాబు వెతకడానికి టీచరే ట్యాబ్‌ను అడిగి తీసుకుంటారు. ఆ ప్రశ్న లేని బడికి ఎన్ని లక్షల ట్యాబ్‌లు పంపినా అవి పంపిణీ లెక్కల్లో మిగులుతాయి తప్ప పిల్ల చదువులో కనిపించవు.